‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అని బడివాళ్లు అంటే?

అమెరికా ప్రభుత్వ బడుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్, తల్లిదండ్రుల హక్కులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ విషయం మీదే. చాలా జవాబులకు మూలం ఒకే ఫెడరల్ చట్టం. 1975లో వచ్చింది, 1990లో ‘ఐడియా’ అని పేరు మారింది, 2004లో పెద్ద సవరణ జరిగింది. వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలకు 3 ఏళ్ల నుంచి 21 ఏళ్ల వరకు తగిన చదువు ఉచితంగా అందించాలన్నది దాని సారం. రాష్ట్రాలు అంతకు మించి ఇవ్వొచ్చు గానీ తగ్గించకూడదు. గడువులు మాత్రం రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. అందుకే ఏ గడువు ఏ రాష్ట్రానిదో చెప్పి మరీ రాస్తున్నాం.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. లెక్కలు చకచకా చేస్తాడు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటాడు. పరీక్షలు చేయించమని నవంబరులోనే టీచర్‌ని అడిగాను. ‘ఇంటర్వెన్షన్ గ్రూపులో పెట్టాం, ఇంకో ఆరు వారాలు చూద్దాం’ అంటూ ఫిబ్రవరి దాకా తెచ్చారు. పాస్ అవుతున్నాడు కాబట్టి స్పెషల్ ఎడ్యుకేషన్‌కి అర్హత ఉండదని కూడా అన్నారు. నిజమేనా?
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

రెండూ నిజం కాదు. ఇంటర్వెన్షన్ (వెనకబడిన పిల్లలకు బడి ఇచ్చే అదనపు బోధన) నడుస్తోందన్న కారణంతో ఎవాల్యుయేషన్‌ని (వైకల్యం ఉందో లేదో తేల్చే పరీక్షల్ని) వాయిదా వేయకూడదని, నిరాకరించకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరిలోనే అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. గ్రూపులో ఉంచుతూనే పరీక్షలూ చేయవచ్చు. ఇక పాస్ అవడం సంగతి: పై తరగతికి వెళ్తున్నా సరే, వైకల్యం ఉందన్న అనుమానం ఉంటే ఆ పిల్లల్ని గుర్తించి పరీక్షించాల్సిన బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌దేనని (కింద ‘జిల్లా’ అన్నది దీన్నే) ఐడియా ఫెడరల్ నిబంధన 300.111 చెబుతోంది.

అయితే మీరు నోటితో అడిగారు. ఇక్కడే చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. టీచర్‌తో గేటు దగ్గర మాట్లాడింది నీటిమీద రాతే. టెక్సాస్‌లో గడువు లెక్క మొదలవ్వాలంటే అభ్యర్థన రాతపూర్వకంగా ఉండాలి. అది జిల్లా స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కో, ప్రిన్సిపల్ లాంటి అధికారికో చేరాలి. ఈ రాత్రే ఇద్దరికీ ఒకే ఈమెయిల్ పంపండి. బాబు పేరు, పుట్టిన తేదీ, తరగతి రాయండి. ‘ఐడియా కింద పూర్తి ఎవాల్యుయేషన్ కోరుతున్నాను, డిస్లెక్సియాతో సహా అనుమానం ఉన్న అన్ని అంశాల్లో పరీక్షించండి, కన్సెంట్ ఫారం పంపితే సంతకం చేస్తాను’ అన్న వాక్యం తప్పనిసరి. (డిస్లెక్సియా అంటే అక్షరాలు, మాటలు చదవడంలో వచ్చే ఇబ్బంది.) దాని కింద మీరు చూసినవి నాలుగు ముక్కల్లో: ఒకే పేజీలో ఒకే మాటని మూడు రకాలుగా చదువుతున్నాడా, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడా, గ్రూపులో ఎన్ని వారాలుగా ఉన్నాడు, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు చదవడంలో ఇబ్బంది ఉండేదా. ‘వెనకబడ్డాడు, భయంగా ఉంది’ అని రాస్తే జవాబుగా ఓదార్పు వస్తుంది. చూసింది చూసినట్టు రాస్తే ఫారం వస్తుంది.

అభ్యర్థన అందాక బడికి 15 బడి దినాలు. ఆలోపు కన్సెంట్ ఫారమైనా ఇవ్వాలి, కుదరదని ‘ప్రయర్ రిటెన్ నోటీస్’ అయినా ఇవ్వాలి. దేన్ని నిరాకరిస్తున్నారు, ఎందుకు, ఏ రికార్డుల ఆధారంగా, ఇంకే మార్గాలు ఆలోచించారు అనేవన్నీ ఆ నోటీసులో ఉండాలి. మాటల్లో కాదన్నది కాగితం మీద పెట్టాల్సి వస్తే చాలా బడులు మనసు మార్చుకుంటాయి. మీరు సంతకం చేసిన కన్సెంట్ అందాక 45 బడి దినాల్లో రిపోర్టు, ఆ తర్వాత 30 క్యాలెండర్ రోజుల్లో ఏఆర్‌డీ మీటింగ్. ఐఈపీ (ఆ పిల్లవాడి కోసమే రాసే లక్ష్యాల, సేవల ప్రణాళిక) మీటింగ్‌ని టెక్సాస్‌లో ఆ పేరుతో పిలుస్తారు.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. కన్సెంట్ అందేటప్పటికి చివరి బోధన దినానికి 35 నుంచి 44 బడి దినాలు మిగిలి ఉంటే రిపోర్టు జూన్ 30కల్లా రావాలి. 35 కంటే తక్కువ మిగిలితే లెక్క వచ్చే విద్యాసంవత్సరంలోకి జారిపోతుంది. మే ఆఖర్లో బడి ముగిసే జిల్లాల్లో ఈ గీత దాదాపు ఏప్రిల్ మొదటి వారంలో పడుతుంది. మధ్యలో స్ప్రింగ్ బ్రేక్ రోజులు బడి దినాల్లోకి రావు. అంటే ఫిబ్రవరి దాటనివ్వకూడదు. మరొక మాట: 2023 చట్టం తర్వాత టెక్సాస్‌లో డిస్లెక్సియా అనుమానం ఉంటే పూర్తి ఐడియా ఎవాల్యుయేషనే చేయాలి. ‘ముందు 504 కింద చిన్న స్క్రీనింగ్ చేద్దాం’ అనే పాత పద్ధతి ఇప్పుడు లేదు (504 అంటే ఏమిటో కింద కమ్మింగ్ ప్రశ్నలో చెప్పాం).

వేరే రాష్ట్రాల వారికి: ఫెడరల్ గడువు కన్సెంట్ తర్వాత 60 రోజులు. రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే అదే వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో 15 రోజుల్లో అసెస్‌మెంట్ ప్లాన్, సంతకం అందాక 60 రోజుల్లో మీటింగ్. న్యూజెర్సీలో అభ్యర్థన అందిన 20 రోజుల్లో మొదటి మీటింగ్, కన్సెంట్ నుంచి 90 రోజుల్లో పరీక్షలు, ఐఈపీ, సేవల మొదలు అన్నీ అయిపోవాలి. వర్జీనియాలో రిఫరల్ నుంచి 65 పనిదినాలు.

ప్రశ్న: మా పాప కిండర్‌గార్టెన్. ఇంట్లో అంతా తెలుగే, అమ్మమ్మ దగ్గరే పెరిగింది. బడిలో ఇంగ్లీషులో పరీక్ష పెట్టి మాటలు ఆలస్యం అన్నారు. ఇకనుంచి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు. అడ్మిషన్ ఫారంలో ఇంటి భాష ‘ఇంగ్లీషు’ అని రాశాం, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లీషు రానివారి తరగతిలో) వేస్తారని ఎవరో చెబితే. ఇప్పుడు ఏం చేయాలి?
— ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

తెలుగు మానకండి. రెండు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు, ఉన్న లోపం ముదరదు. మానేస్తే పాపకీ అమ్మమ్మకీ మధ్య మాటలు తెగిపోతాయి, అంతే.

ఫారంలో ఆ ఒక్క మాట మీకు ఎదురుతిరిగింది. ఇంటి భాష ఇంగ్లీషని రికార్డులో ఉంటే, పరీక్షించేవారు ఇంగ్లీషే మాతృభాష అయిన పిల్లలతో పోల్చి స్కోరు వేస్తారు. ముందు ఆఫీసుకు ఈమెయిల్ చేసి దాన్ని ‘తెలుగు’ అని దిద్దించండి. ఎవాల్యుయేషన్ పిల్లల మాతృభాషలో, సరైన సమాచారం రాబట్టే రీతిలో జరగాలని చట్టం అంటోంది. అది బొత్తిగా సాధ్యం కాకపోతేనే మినహాయింపు. ఇంగ్లీషు రాకపోవడమే అసలు కారణమైతే వైకల్యం ఉందని నిర్ణయించకూడదని కూడా అంటోంది.

తెలుగు తెలిసిన స్పీచ్ థెరపిస్టు దొరకడం కష్టమే. దొరక్కపోతే శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్‌తో చేయాలి. ఇంగ్లీషు పరీక్షను అక్కడికక్కడ తెలుగులోకి మార్చి అడిగితే ఆ స్కోరుకు విలువ లేదు, ఎందుకంటే దాని ప్రమాణాలు ఇంగ్లీషు పిల్లల మీద కట్టినవి. అలాంటప్పుడు రిపోర్టులో అంకెలకు బదులు పాప ఏం చేయగలదో వర్ణన ఉండాలి. పరీక్షకుల కోసం మీరు కొన్ని గమనికలు రాసివ్వండి. తెలుగులో ‘వ’ ఒక్కటే, కాబట్టి ‘వెరీ’, ‘వాటర్’ రెండూ ఒకేలా పలికితే అది యాస, లోపం కాదు. ‘థింక్’లో మొదటి ధ్వని ‘త’ లాగా వచ్చినా అంతే. ‘ఎ’, ‘ద’ లాంటివి తెలుగులో లేవు కాబట్టి వదిలేయడం సహజం. ‘అమ్మమ్మ నాకు బంతి ఇచ్చింది’ అని ఇంట్లో అనగలిగిన పిల్ల బడిలో ‘గ్రాండ్‌మా గివ్ బాల్’ అంటే ఆమె ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటోందని అర్థం. అదే పిల్ల ఐదేళ్లకు తెలుగులోనూ ‘అమ్మమ్మ బంతి’ దగ్గరే ఆగిపోతే అది నిజమైన ఆలస్యం, అప్పుడు భాష వంకతో పరీక్షను వాయిదా వేయనివ్వకండి. లోపమన్నది ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది.

అమ్మమ్మతో పాప ఆడుకుంటూ మాట్లాడేటప్పుడు పది నిమిషాలు రికార్డు చేసి, కింద ఇంగ్లీషు అర్థం రాసి పంపండి. మొదటి మాట ఏ నెలలో, రెండు మాటలు కలిపింది ఎప్పుడు అన్నదీ రాయండి. మీటింగ్‌కి ఇంటర్‌ప్రెటర్‌ని బడి తన ఖర్చుతో పెట్టాలి. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడే తండ్రి ‘నాకెందుకులే’ అంటాడు, పాపని పగలంతా చూసుకునే అమ్మమ్మ చెప్పాల్సింది చెప్పకుండానే మీటింగ్ ముగుస్తుంది. కనీసం వారం ముందు రాసి అడగండి. ఇంట్లో పెద్ద పిల్లలతో అనువాదం చేయించకండి.

మూడేళ్లలోపు పిల్లలున్న వారు బడి దాకా ఆగక్కర్లేదు. రాష్ట్ర ఎర్లీ ఇంటర్వెన్షన్ కార్యక్రమానికి తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేయవచ్చు. రిఫరల్ నుంచి 45 రోజుల్లో పరీక్ష, మొదటి ప్లాన్ మీటింగ్ రెండూ జరగాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 9 ఏళ్లు, ఆటిజం. మీటింగ్ రేపు ఉందనగా రాత్రి ఐఈపీ డ్రాఫ్టు పంపారు, బోలెడు పేజీలు. అక్కడే సంతకం పెట్టాలా? అందులో ఏం చూడాలి?
— ఒక తల్లి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

అక్కడే పెట్టక్కర్లేదు. వచ్చినట్టు పెట్టే హాజరు సంతకం వేరు, ఒప్పుకున్నట్టు పెట్టే సంతకం వేరు. ఏ పెట్టె దగ్గర పెడుతున్నారో చూసుకుని, ‘ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతాను’ అనండి. కాలిఫోర్నియాలో కొంత భాగానికి ఒప్పుకుని మిగతాది అభ్యంతరంలో ఉంచవచ్చు. ఒప్పుకున్న భాగం వెంటనే అమలవుతుంది. (న్యూజెర్సీ వాళ్లు జాగ్రత్త. అక్కడ మొదటి ఐఈపీకి సంతకం కావాలి గానీ, తర్వాతి వాటికి నోటీసు ఇచ్చిన 15 రోజుల్లో మీరు అధికారికంగా వివాదం లేపకపోతే సంతకం లేకుండానే అమల్లోకి వస్తుంది. టెక్సాస్‌లో ఒప్పుకోకపోతే 10 బడి దినాల వరకు విరామం అడిగే హక్కుంది.)

పేజీలు ఎన్ని ఉన్నా, సమయం లేనప్పుడు మూడు చోట్ల ఆగండి.

మొదటిది, ప్రస్తుత స్థాయి. ‘చక్కని పిల్లవాడు, స్నేహితులంటే ఇష్టం’ అన్న పొగడ్తల మధ్య అంకెలు ఉన్నాయా? నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నాడు, సాయం లేకుండా పనిలో ఎన్ని నిమిషాలు కూర్చుంటున్నాడు. ఇక్కడ రాయని అవసరానికి తర్వాతి పేజీల్లో లక్ష్యం రాదు, లక్ష్యం లేనిదానికి సేవ రాదు.

రెండోది, లక్ష్యాలు. ‘చదవడంలో మెరుగవుతాడు’ అన్నది లక్ష్యం కాదు. ‘వచ్చే మే నాటికి, ముందు చూడని రెండో తరగతి పాఠాన్ని నిమిషానికి 80 మాటల చొప్పున, 3 తప్పులకు మించకుండా, 5 సార్లలో 4 సార్లు చదువుతాడు, ఇప్పుడు 42’ అన్నది లక్ష్యం. ఎక్కడినుంచి ఎక్కడికి, ఎప్పటికి, ఎవరు ఎలా కొలుస్తారు అన్నవి దొరకాలి. పోయినేటి ఐఈపీని పక్కన పెట్టి చూడండి. అవే లక్ష్యాలు తేదీ మార్చి మళ్లీ వచ్చాయంటే, ఏడాదంతా ఏం పని చేయలేదో అడగాల్సిన చోటు అదే. పేరుకి ఏదో కాస్త ముందుకు జరిగితే చాలదని, పిల్లవాడి పరిస్థితికి తగ్గ ప్రగతి వచ్చేలా ఐఈపీ ఉండాలని సుప్రీంకోర్టు 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో తేల్చింది.

మూడోది, సేవల పట్టిక. అసలు గొడవలన్నీ ఇక్కడే. ‘స్పీచ్, నెలకు 120 నిమిషాలు’ అంటే వారానికి రెండుసార్లు 15 నిమిషాలా, నెలాఖరులో రెండు గంటలు కుదించి చేస్తారా? ‘వారానికి 2 సార్లు, ఒక్కోటి 15 నిమిషాలు, ముగ్గురికి మించని గ్రూపులో, థెరపీ గదిలో’ అని రాయించండి. ‘డైరెక్ట్’ అంటే థెరపిస్టు పిల్లవాడితో కూర్చోవడం. ‘కన్సల్ట్’ అంటే టీచర్‌తో మాట్లాడి వెళ్లడం, మీవాడు ఆమె ముఖమే చూడకపోవచ్చు. ‘అవసరాన్ని బట్టి’ అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టేయించండి, ఎందుకంటే ఆ అవసరం ఎవరు ఎప్పుడు నిర్ణయిస్తారో ఎక్కడా ఉండదు. థెరపిస్టులు లేరన్నది నిమిషాలు తగ్గించడానికి కారణం కాదు. మూడు నెలలకోసారి సర్వీస్ లాగ్ (ఏ రోజు ఎన్ని నిమిషాలు సేవ ఇచ్చారన్న రికార్డు) అడగండి. తప్పిపోయిన గంటలు అందులో తేలితే వాటికి బదులు సేవ కోరవచ్చు.

ఇకముందు డ్రాఫ్టు, రిపోర్టులు అయిదు రోజుల ముందు కావాలని మీటింగ్ తేదీ ఖరారు చేసేటప్పుడే రాయండి. రికార్డుల ప్రతుల్ని కాలిఫోర్నియాలో అడిగిన 5 పనిదినాల్లో ఇవ్వాలి. ఫెడరల్ నిబంధనలో మీటింగ్‌కి ముందు చూపించాలి, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు మించకూడదు. మీటింగ్ రికార్డు చేసుకోవాలంటే కాలిఫోర్నియాలో 24 గంటల ముందు చెబితే చాలు. ఇక మీటింగ్ మధ్యలో జనరల్ టీచర్ ‘క్లాసుంది’ అని లేచి వెళ్లడం మామూలైపోయింది. మీ రాతపూర్వక అంగీకారం లేకుండా అలా మినహాయించకూడదు.

ప్రశ్న: మేం హెచ్1బీ మీద ఉన్నాం. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం. పాపకి ఐఈపీ తీసుకుంటే ప్రభుత్వ సాయం తీసుకున్నట్టవుతుందా?
— పేరు వద్దన్న పాఠకురాలు

కాదు. ఇది పిల్లలకు చదువు హక్కు, సంక్షేమ పథకం కాదు. ఇప్పటివరకు వచ్చిన పబ్లిక్ చార్జ్ నిబంధనలు (గ్రీన్‌కార్డు కోరేవారు ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసేవి), 2019 నాటి కఠినమైనదానితో సహా, ఐడియా సేవల్ని లెక్కలోకి తీసుకోలేదు. వీసా ఏదైనా పిల్లల్ని ప్రభుత్వ బడిలో చేర్చుకోవాలని సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్ కేసులో చెప్పింది. ఈ భయంతో రెండు మూడేళ్లు ఆగిన కుటుంబాలు కోల్పోయేది ప్రాథమిక తరగతుల కాలం. అది తిరిగి రాదు.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య). మార్కులు ఏ, బీ వస్తాయి గానీ ఒక్కో హోంవర్క్‌కి రాత్రి ఒంటిగంట అవుతోంది. 504 ఇస్తామన్నారు. ఐఈపీ మంచిదా, ఇది మంచిదా? కాలేజీలకు తెలుస్తుందా?
— కమ్మింగ్, జార్జియా

బోధనే వేరుగా కావాలంటే ఐఈపీ. బోధన అందరితో సమానమే, సమయం, సీటు, గడువులు సర్దితే చాలంటే 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టం కింద 504 ప్లాన్. ఏడీహెచ్‌డీ రెండింటి కిందికీ రాగలదు. మీ ఉత్తరం చూస్తే మొదట 504 సరిపోవచ్చు. ‘అదనపు సమయం’ అని వదిలేయకుండా ‘పరీక్షల్లో ఒకటిన్నర రెట్లు’, ‘హోంవర్క్ 45 నిమిషాలు దాటితే తల్లిదండ్రుల సంతకంతో ఆపవచ్చు’ అన్నంత స్పష్టంగా రాయించండి. పనిని మొదలుపెట్టడం, ముక్కలుగా విడగొట్టుకోవడం ఎవరైనా నేర్పాల్సి ఉంటే అది బోధన కిందికి వస్తుంది, అప్పుడు ఐఈపీ ఎవాల్యుయేషన్ అడగండి.

ట్రాన్స్‌క్రిప్ట్‌లో వైకల్యం గురించి బడి రాయకూడదు. కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీలో అదనపు సమయం దానంతట అది రాదు. దాన్ని నడిపే కాలేజ్ బోర్డు అనుమతి వేరుగా కావాలి, దానికి ఏడు వారాల దాకా పట్టవచ్చు.

ప్రశ్న: బడి చేసిన ఎవాల్యుయేషన్‌లో మావాడికి ఏ ఇబ్బందీ లేదని వచ్చింది. ఒప్పుకోం అంటే ‘బయట చేయించుకుని తీసుకురండి, పరిశీలిస్తాం’ అన్నారు.
— ఆష్‌బర్న్, వర్జీనియా

సొంత డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక ఈమెయిల్ రాయండి: ‘మీ ఎవాల్యుయేషన్‌తో ఏకీభవించడం లేదు, నిబంధన 300.502 కింద ప్రభుత్వ ఖర్చుతో స్వతంత్ర ఎవాల్యుయేషన్ కోరుతున్నాను.’ అది అందాక జిల్లాకు రెండే దారులు. డబ్బు కట్టాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని నిరూపించుకోవడానికి అనవసర ఆలస్యం లేకుండా తామే డ్యూ ప్రాసెస్ విచారణకు వెళ్లాలి. ఎందుకు ఒప్పుకోవడం లేదని అడగవచ్చు, చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు. పరీక్షకుల అర్హతలకు, దూరానికి, ఫీజుకు నియమాలు పెట్టవచ్చు కాబట్టి వాటిని ముందే రాతలో తెప్పించుకోండి. చాలామంది ముందు బయట వేల డాలర్లు కట్టేసి తర్వాత తిరిగి ఇవ్వమంటారు, గొడవ అక్కడ చిక్కుబడుతుంది.

అప్పటికీ తేలకపోతే మూడు మార్గాలు. మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ) ఉచితం, రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే. రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు: తప్పు జరిగిన ఏడాదిలోపు చేయాలి, 60 రోజుల్లో నిర్ణయం రావాలి, లాయరు అక్కర్లేదు. డ్యూ ప్రాసెస్: సాధారణంగా రెండేళ్లలోపు వేయాలి, కోర్టు విచారణ లాంటిది. గడువు దాటడం, నిమిషాలు ఇవ్వకపోవడం, నోటీసు ఇవ్వకపోవడం లాంటి కాగితం మీద రుజువయ్యే తప్పులకు రాష్ట్ర ఫిర్యాదే సరైన ఆయుధమని మా అభిప్రాయం. మనవాళ్లు దాన్ని వాడేది తక్కువ, బెదిరింపుగా డ్యూ ప్రాసెస్ పేరెత్తేది ఎక్కువ. డ్యూ ప్రాసెస్‌లో ఎవరు వేస్తే వారే నిరూపించుకోవాలని 2005లో సుప్రీంకోర్టు అంది (న్యూజెర్సీ 2008లో చట్టం చేసి ఆ భారాన్ని జిల్లా మీద పెట్టింది). గెలిస్తే లాయరు ఫీజు రావచ్చు గానీ నిపుణుల సాక్ష్యానికి పెట్టిన ఖర్చు రాదు, అది 2006 తీర్పు. విచారణ నడుస్తున్నంతకాలం ఉన్న ఐఈపీ అలాగే కొనసాగాలి.

ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ నిధులతో నడిచే పేరెంట్ ట్రైనింగ్ అండ్ ఇన్‌ఫర్మేషన్ సెంటర్ కనీసం ఒకటి ఉంటుంది. గంటకింత అని అడ్వొకేట్‌కి కట్టే ముందు అక్కడ ఉచితంగా అడగండి.

ప్రశ్న: వేసవిలో హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతున్నాం. అబ్బాయి అక్కడే పుట్టాడు, ఇప్పుడు నాలుగో తరగతి, ఐఈపీ ఉంది. అక్కడ చెల్లుతుందా?
— షార్లెట్, నార్త్ కరోలినా

చట్టపరంగా చెల్లదు, కానీ టీచర్లకు పనికొస్తుంది. బడి మూతపడేలోపు ఎవాల్యుయేషన్ రిపోర్టుల పూర్తి ప్రతులు, గత మూడు ఐఈపీలు, ప్రోగ్రెస్ రిపోర్టులు రాసి అడిగి తీసుకోండి. జూన్‌లో ఆఫీసులో ఎవరూ దొరకరు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తిస్తుంది. 40 శాతానికి తగ్గకుండా ధ్రువీకరణ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, వారు కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. అమెరికా డాక్టరు ఇచ్చిన నిర్ధారణ ఆ ధ్రువపత్రానికి బదులు కాదు. యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) పోర్టల్లో దరఖాస్తు చేసి, అక్కడి వైద్యాధికారుల పరీక్షకు వెళ్లాలి. మళ్లీ మదింపు కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీని సంప్రదించవచ్చు. ప్రైవేటు బడి చూసుకుంటుంటే ఫీజు కట్టకముందే మూడు విషయాలు రాతలో అడగండి: స్పెషల్ ఎడ్యుకేటర్ బడి ఉద్యోగా, వారానికోసారి వచ్చిపోయేవారా, షాడో టీచర్ (పిల్లవాడి పక్కనే ఉండి సాయం చేసేవారు) జీతం ఎవరిది, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు ఏ తరగతి నుంచి ఇస్తారు.